పొదుగువాపు తగ్గి మళ్లీ వస్తోంది, పాలలో ఎస్‌ఎన్‌ఎఫ్ పడిపోయింది: దాణా మార్చాలా, మందు మార్చాలా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను. పలమనేరు దగ్గర మీకు ఆరు హెచ్‌ఎఫ్ క్రాస్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ సంకర జాతి) ఆవులున్నాయి. వాటిలో ఒకదానికి ఈ ఈతలోనే మూడోసారి వెనక ఎడమవైపు పొదుగు వాచింది. చనుకట్టులోకి యాంటీబయాటిక్ మందు ట్యూబులు ఎక్కిస్తే తగ్గుతోంది, కొన్నాళ్లకు మళ్లీ వస్తోంది. వాచినప్పుడల్లా దాని పాలు క్యాన్‌లో పోయడం లేదు. అయినా ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న కాకుండా మిగిలే ఘనపదార్థం శాతం) 8.4 నుంచి 7.8కి దిగింది, పాల కేంద్రంలో రేటు కోస్తున్నారు. దాణా మార్చమని పక్క రైతు అంటున్నాడు, ఇంకా హెవీ ట్యూబు వేయమని మందుల షాపతను అంటున్నాడు. ఏది చేయాలని అడిగారు.

రెండూ ఇప్పుడే వద్దండి. రేపు ఉదయం పాలు పితికేటప్పుడు ఆరు ఆవులవీ ఇరవై నాలుగు చనుకట్ల పాలు విడివిడిగా పరీక్షించండి. ఎలాగో కింద రాస్తాను, దానికి పెద్ద ఖర్చేమీ కాదు. మీ ప్రశ్నలోనే జవాబు సగం ఉంది. వాచిన ఆవు పాలు మీరు క్యాన్‌లో పోయడమే లేదు. పోయని పాలు క్యాన్ ఎస్‌ఎన్‌ఎఫ్‌ని ఎలా తగ్గిస్తాయి? అంటే పైకి ఏమీ కనబడని ఇంకో రెండు మూడు ఆవులకు లోలోపల పొదుగువాపు ఉండి ఉండాలని నా అనుమానం. వాచిన ఆవును మీరు ఎలాగూ పట్టించుకుంటారు. డబ్బు పోతున్నది వాయని ఆవుల దగ్గర.

మదనపల్లె, పుంగనూరు వైపు పశువైద్యుడిగా చాలా ఏళ్లు పనిచేశాను. ఆ ప్రాంతంలో నేను చూసిన పొదుగువాపు కేసుల్లో, రైతు ఆస్పత్రికి తోలుకొచ్చిన ఆవు కంటే కొట్టంలో వదిలి వచ్చిన ఆవులను చూస్తేనే అసలు సంగతి తెలిసేది.

ఎస్‌ఎన్‌ఎఫ్‌కీ పొదుగుకీ ఏమిటి సంబంధం?

ఆవు పాలలో వెన్న కాకుండా మిగిలే ఘనపదార్థంలో సగానికి పైగా ఉండేది లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర. పొదుగులో సూక్ష్మజీవులు చేరితే పాలు తయారుచేసే కణాలు దెబ్బతింటాయి. లాక్టోజ్ తయారీ తగ్గుతుంది, తయారైనదాంట్లో కొంత రక్తంలోకి జారిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి రక్తంలోంచి సోడియం, క్లోరైడ్ పాలలోకి వస్తాయి. అందుకే ఆ పాలు కాస్త ఉప్పగా ఉంటాయి. పాలలోని ముఖ్యమైన ప్రొటీన్ కేసీన్ కూడా తగ్గుతుంది కాబట్టి పెరుగు గట్టిగా తోడుకోదు. ఇంతా జరుగుతున్నా పాలు తెల్లగానే ఉండొచ్చు, పొదుగు మెత్తగానే ఉండొచ్చు, ఆవు మేత మేస్తూనే ఉండొచ్చు.

సూక్ష్మజీవులతో పోరాడ్డానికి తెల్ల రక్తకణాలు కూడా పాలలోకి చేరతాయి. వీటి లెక్కనే సొమాటిక్ సెల్ కౌంట్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న చనుకట్టు పాలలో మిల్లీలీటరుకు లక్ష లోపు ఉంటాయి. రెండు లక్షలు దాటితే అక్కడ ఇన్ఫెక్షన్ ఉందనే అనుకోవాలి. యూరప్‌లో నాలుగు లక్షలు దాటిన పాలు కొనరు, అమెరికాలో హద్దు ఏడున్నర లక్షలు. మన ఊళ్లలో కేంద్రాలు కణాలు లెక్కపెట్టవు, వెన్నా ఎస్‌ఎన్‌ఎఫ్ చూసి రేటు కడతాయి. కాబట్టి మన రైతుకు ఈ జబ్బు జబ్బు పేరుతో కనబడదు, పాల చీటీలో తగ్గిన అంకెగా కనబడుతుంది.

ఆ అంకె ఎలా వస్తుందో తెలుసుకుంటే మీకే ఉపయోగం. పాల సాంద్రత కొలిచే లాక్టోమీటర్‌తో చూసేచోట, పాల వేడిని బట్టి సరిచేసిన రీడింగ్‌ని 4తో భాగించి, దానికి వెన్న శాతంలో నాలుగో వంతు, పైన 0.44 కలుపుతారు. రీడింగ్ 28, వెన్న 4.0 ఉంటే 7 + 1 + 0.44, అంటే 8.44. రీడింగ్ 26కి, వెన్న 3.6కి దిగితే 6.5 + 0.9 + 0.44, అంటే 7.84. మీ తేడా దాదాపు ఇంతే. ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం ఆవు పాలలో కనీసం 3.2 వెన్న, 8.3 ఎస్‌ఎన్‌ఎఫ్ ఉండాలి, అందుకే కేంద్రం వాళ్లు 8.3 దగ్గర గీత గీస్తారు. ఇంకో సంగతి, అప్పుడే పితికిన వెచ్చని, నురగతో ఉన్న పాలలో లాక్టోమీటర్ ముంచితే రీడింగ్ తక్కువే చూపిస్తుంది. కొలిచే పద్ధతి మీద అనుమానం ఉంటే అదీ ఒకసారి గమనించండి.

దాణా లోపంతో ఎస్‌ఎన్‌ఎఫ్ పడదా అంటే, పడుతుంది. వట్టి వరిగడ్డి మీద నిలబెట్టినా, దాణాలో శక్తి చాలకపోయినా, ఏప్రిల్ మే ఎండలకు ఆవు మేత సరిగా తినకపోయినా పడుతుంది. అయితే దాణా తేడా ఆవు మొత్తానికి తగులుతుంది, నాలుగు చనుకట్లలో ఒకదాన్ని ఏరుకోదు. మీ పరీక్షలో ఒక్క చనుకట్టు కూడా పట్టుబడకపోతే అప్పుడు దాణా సంగతి చూద్దాం.

పరీక్ష ఇలా చేయండి

దీనికి కాలిఫోర్నియా మ్యాస్టైటిస్ టెస్ట్ అని ఒకటుంది. 1957 నుంచి వాడుకలో ఉంది, కిట్ వెటర్నరీ షాపుల్లో దొరుకుతుంది. దొరక్కపోతే బట్టలుతికే సర్ఫ్ పొడి చాలు. అర లీటరు నీళ్లలో 15 గ్రాములు కరిగించండి. నాలుగు తెల్లటి చిన్న గిన్నెలు తీసుకుని ముందు కుడి, ముందు ఎడమ, వెనక కుడి, వెనక ఎడమ అని గుర్తు పెట్టుకోండి. ప్రతి చనుకట్టు నుంచి మొదటి రెండు ధారలు వదిలేసి, తర్వాతి పాలు రెండేసి చెంచాలు దాని గిన్నెలో పట్టండి. అంతే కొలతలో సర్ఫ్ నీళ్లు పోసి ఒక నిమిషం పాటు గిన్నెను మెల్లగా గుండ్రంగా తిప్పండి.

మంచి పాలు నీళ్లలాగే తిరుగుతాయి. తేడా ఉన్న పాలు గిన్నె అడుగున సన్నటి జిగట చారల్లా మొదలై, గిన్నె వంచితే గంజిలా ఆగి ఆగి జారతాయి. జబ్బు ముదిరితే మొత్తం ఒక ముద్దై నడిమికి చేరి, గిన్నె ఒంపినా ఒకేసారి ధబుక్కున పడుతుంది. సర్ఫ్ ఆ తెల్ల కణాలను పగలగొట్టడంతో వాటిలోని డీఎన్ఏ బయటికొచ్చి అలా జిగటగా మారుతుంది. కణాలెక్కువైతే జిగటెక్కువ.

ఒక్క జాగ్రత్త. ఈనిన మొదటి వారంలోనూ, పాలు వట్టిపోయే ముందూ నాలుగు చనుకట్లూ కొద్దిగా చిక్కబడడం మామూలే. దాన్ని జబ్బనుకోవద్దు. మూడు బాగుండి ఒకటి చిక్కబడితే మాత్రం అనుమానం అక్కర్లేదు. ఫలితాలు ఆవు పేరు, చనుకట్టు, తేదీతో నోటు పుస్తకంలో రాసుకోండి. నెలకోసారి ఇదే పని చేయండి.

ఈ పరీక్ష ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, ఒకసారి పుంగనూరు వైపు ఒక రైతు పాలలో సోడా కలుపుతున్నాడని పాల కేంద్రంలో గొడవైంది. పాలు పులిసిపోకుండా సోడా కలిపేవాళ్లను పట్టుకోవడానికి రోజాలిక్ యాసిడ్ చుక్కలు వేసి చూస్తారు, సోడా ఉంటే గులాబీ రంగు వస్తుంది. ఈయన పాలకు ఆ రంగు వచ్చింది. ఊళ్లో తలెత్తుకోలేకపోయాడు. నా దగ్గరికి వచ్చినప్పుడు అడిగితే ఆవులు బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు. కొట్టానికి వెళ్లి చూస్తే ఉన్న నాలుగు ఆవుల్లో మూడింటికి లోలోపల పొదుగువాపు. మంచి పాల పీహెచ్ 6.6 నుంచి 6.8 దాకా ఉంటుంది. ఈ జబ్బున్న పాలది ఏడు వైపు, ఒక్కోసారి ఏడు పైకి కూడా వెళ్తుంది. ఆ క్షారగుణానికే గులాబీ రంగు వచ్చింది, ఆయన ఏ సోడా కలపలేదు. చనుకట్టు వారీగా పాలు విడదీసి, ఆ చుక్కలే వేసి కేంద్రం వాళ్లకు చూపించాక గానీ ఆ మాట పోలేదు. పాలలో ఉప్పు కలిపారన్న అనుమానం కూడా ఇలాగే వస్తుంది, క్లోరైడ్ పెరుగుతుంది కదా. ఎవరినైనా కల్తీ చేశాడనే ముందు వాళ్ల ఆవుల పొదుగులు చూడమని పాల సేకరణ వాళ్లకు నేను ఎప్పుడూ చెప్పే మాట.

జబ్బు ఎక్కడ నుంచి వస్తోంది?

చనుకట్టు చివర ఒక సెంటీమీటరు పొడవుండే సన్నని దారి ఉంటుంది. పొదుగుకు ఉన్న తలుపు అదొక్కటే. పాలు పితికాక అది పూర్తిగా మూసుకోవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. సూక్ష్మజీవులు వచ్చేది ఆ దారినే. వాటిలో రెండు రకాలు. స్టాఫ్ ఆరియస్, స్ట్రెప్ అగలాక్షియే లాంటివి ఒక ఆవు పొదుగులోంచి ఇంకో ఆవుకు పితికే చేతుల ద్వారా, బట్ట ద్వారా, మిషన్ ద్వారా పాకుతాయి. ఈ-కోలై, క్లెబ్సియెల్లా లాంటివి పేడలో, తడి నేలలో, పడకలో ఉంటాయి. మీ ఆవుకు తగ్గి మళ్లీ రావడం, మిగతా ఆవుల్లో చడీచప్పుడు లేకుండా ఉండడం చూస్తే మొదటి రకం మీదే నాకు అనుమానం. ల్యాబ్ చెప్పేదాకా అది అనుమానమే అనుకోండి.

మందు షాపు కన్నా పాలు పితికే ఆ కాస్త సమయం ముఖ్యం అనేది అందుకే. ఇది నా సొంత కవిత్వం కాదు. 1960ల్లో ఇంగ్లండ్‌లో రీడింగ్ దగ్గరున్న పాడి పరిశోధన సంస్థ వాళ్లు వేల ఆవుల మీద చూసి తేల్చిన పద్ధతే ఇప్పటికీ ప్రపంచమంతా నడుస్తోంది. పితికాక చనుకట్లు మందులో ముంచడం, వట్టిపోయేటప్పుడు ట్యూబులు, కనబడిన జబ్బుకు వెంటనే వైద్యం, బాగవని ఆవును వదిలించుకోవడం, మిషన్‌ను సరిగా ఉంచుకోవడం. మీరు చేస్తున్నది ఇందులో మూడోది ఒక్కటే.

మన కొట్టాల్లో ఎక్కువగా కనబడేవి చెప్తాను, మీ ఇంట్లో ఏవి ఉన్నాయో చూసుకోండి. బకెట్ నీళ్లు తెచ్చి పొదుగంతా తడిపేస్తారు. పొదుగు మీది మురికి నీళ్లు కారి సరిగ్గా చనుకట్టు చివర చేరతాయి, అదే తడితో పితుకుతారు. చనుకట్ల వరకే కడగండి, తర్వాత పొడిగా తుడవండి. కడగడం కంటే తుడవడం ముఖ్యం. ఆవుకో బట్ట. ఆరు ఆవులకు ఆరు పాత నూలు గుడ్డలు, రోజూ వేడినీళ్లలో ఉడికించి ఎండలో ఆరేయండి. ఒకే తువ్వాలుతో అన్నిటినీ తుడవడం అంటే జబ్బును మన చేత్తో మనమే పంచడం.

ఇంకొకటి, వేళ్లు పాలలో ముంచి తడి చేసుకుని పితకడం. పెద్దవాళ్లకు చెప్తే కోపం వస్తుంది గానీ, మానాల్సిందే. జారడానికి కావాలంటే చేతులు శుభ్రంగా కడుక్కుని ఒక చుక్క ఆముదం రాసుకోండి. బొటనవేలు మడిచి చనుకట్టును నొక్కి లాగడం కూడా మానండి. దాంతో లోపలి పొర నలిగి, కొన్నాళ్లకు చనుకట్టులో గట్టి ముడి పడుతుంది. పిడికిలి పట్టి నిండు చేత్తో పితకాలి. అలవాటయ్యేదాకా చేతులు నొప్పి పెడతాయి, తర్వాత అదే సులువు.

మొదటి రెండు మూడు ధారలు నేల మీదికి కాకుండా నల్లటి గిన్నెలోకో, నల్ల గుడ్డ కట్టిన గ్లాసులోకో పిండి చూడండి. సన్నటి పెరుగు పలుకులు, నీరులా పలచబడడం, పసుపు రంగు ఏది ఉన్నా అక్కడే కనబడుతుంది. నేల మీద పోస్తే కనబడదు, పైగా ఆ పాలలోనే ఆవు పడుకుంటుంది. పొదుగును తాకిన నిమిషానికి ఆవు చేపుతుంది, అంటే పాలు చనుకట్లలోకి వదులుతుంది, ఆ చేపు ఐదారు నిమిషాలే ఉంటుంది. కాబట్టి కడిగి, తుడిచి, ఫోన్ మాట్లాడి వచ్చి పితకడం కుదరదు. అరుపులు, కొట్టడం, కొత్త మనుషులు ఉంటే ఆవు బెదిరి పాలు ఎగబట్టుకుంటుంది, పొదుగులో మిగిలిన పాలే జబ్బుకు మేత. చేపు కోసం రోజూ ఇంజక్షన్ పొడిచే అలవాటు ఉంటే మాత్రం అదే మొదట ఆపండి.

పితకడం అయిన వెంటనే నాలుగు చనుకట్లనూ అయోడిన్ మందులో ముంచండి. దుకాణంలో టీట్ డిప్ అని దొరుకుతుంది. లేదంటే 5 శాతం పోవిడోన్ అయోడిన్ తెచ్చి, చర్మం పగలకుండా కాస్త గ్లిజరిన్ కలుపుకోవచ్చు. చిన్న ప్లాస్టిక్ కప్పులో పోసి చనుకట్టు మూడొంతులు మునిగేలా ఒక్కసారి. పొద్దున వాడిన మందు సాయంత్రానికి మిగిలితే పారబోయండి, డబ్బాలో తిరిగి పోయొద్దు. స్ప్రే కూడా వాడొచ్చు గానీ చాలామంది ఒకవైపే కొట్టి వదిలేస్తారు. ముంచాక ఆవును గంటసేపు పడుకోనీయకూడదు. దానికి కట్టేసి బెదిరించక్కర్లేదు, అప్పుడే పచ్చగడ్డి వేయండి, నిలబడి తింటుంది. దాణా అంతా పితికేటప్పుడే పెట్టేస్తే పితికాక ఆవు వెళ్లి పేడలో పడుకుంటుంది.

చివరగా వరుస. పరీక్షలో బాగున్న ఆవులు ముందు, చిక్కబడినవి తర్వాత, వాచిన ఆవు అన్నిటికన్నా చివర. పక్కపక్కన కట్టేసి ఉన్నాయని ఆ వరుసలో పితుక్కుంటూ పోవద్దు. కట్టే చోట్లు మార్చుకుంటే రోజూ గుర్తు పెట్టుకునే టెన్షన్ ఉండదు.

మిషన్ వాడుతున్నారో లేదో మీరు రాయలేదు. వాడుతుంటే చనుకట్లకు తొడిగే రబ్బరు లైనర్లు ఎప్పుడు మార్చారో చూడండి. సాధారణంగా 2500 పితుకుళ్లకు మార్చాలంటారు. ఒకే సెట్టుతో ఆరు ఆవులను రెండు పూటలా పితికితే రోజుకు పన్నెండు, అంటే ఏడు నెలలకు వాటి ఆయుష్షు తీరిపోతుంది. నేను చూసిన చిన్న ఫారాల్లో ఒకే లైనర్లతో ఏళ్లు నెట్టుకొచ్చేవాళ్లే ఎక్కువ. లోపల వేలు పెట్టి తిప్పితే గరుకుగా, పగుళ్లుగా తగులుతుంది. వాక్యూమ్ ఎక్కువైనా, పాలు అయిపోయాక మిషన్ తీయకుండా వదిలేసినా చనుకట్టు చివర తెల్లటి గరుకు ఉంగరం లేస్తుంది. ఆ ఉంగరం ఉన్నచోట ఏ మందు ముంచినా సగమే పని చేస్తుంది.

పడక గురించి ఎక్కువ చెప్పను, పొడిగా ఉండాలి, అంతే. కాకపోతే కట్టెల మిల్లు నుంచి పచ్చి రంపపు పొట్టు తెచ్చి పరిచేవాళ్లు ఆలోచించుకోవాలి. తడి పొట్టులో క్లెబ్సియెల్లా బాగా పెరుగుతుంది, అది వస్తే మందులకు లొంగడం కష్టం.

ఆ మూడుసార్లు వాచిన ఆవు సంగతి

స్టాఫ్ ఆరియస్ గనక అయితే అది పొదుగు లోపల చిన్న చిన్న చీము గూళ్లు కట్టుకుని, కణాల లోపల కూడా దాక్కుంటుంది. ట్యూబు మందు అక్కడిదాకా చేరదు. పైన ఉన్నవి చస్తాయి, పాలు బాగుపడతాయి, మనం తగ్గిందనుకుంటాం. కొన్నాళ్లకు గూళ్లలోవి మళ్లీ బయటికొస్తాయి. పైగా వీటిలో చాలావాటికి పెన్సిలిన్‌ను విరిచేసే ఎంజైమ్ ఉంటుంది. అందుకే హెవీ ట్యూబు అనే మాట నాకు నచ్చదు. ఏ జీవి ఉందో తెలియకుండా వేసేది హెవీ అయినా లైట్ అయినా గుడ్డిగా వేసినట్టే.

పాల నమూనా ల్యాబ్‌కు పంపండి. మీ పశువుల ఆస్పత్రి డాక్టర్ గారిని అడిగితే స్టెరైల్ సీసా ఇస్తారు, మీకు తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ కూడా దూరం కాదు. చనుకట్టు చివర స్పిరిట్ దూదితో రుద్ది, మొదటి ధారలు వదిలి, సీసాను వంచి పట్టుకుని కొద్దిగా పాలు పట్టి, ఐస్‌లో పెట్టి అదే రోజు చేర్చండి. ట్యూబు వేశాక నమూనా తీస్తే ఉపయోగం ఉండదు, ముందే తీయాలి. ఏ మందుకు లొంగుతుందో రిపోర్టులో వస్తుంది. ఆ మందు డాక్టర్ చెప్పినన్ని రోజులూ వాడండి. ఒక ట్యూబు వేసి పలుకులు తగ్గగానే ఆపేయడం వల్ల మన దగ్గర చాలా కేసులు మొండివవుతున్నాయి.

ట్యూబు ఎక్కించేటప్పుడు కూడా శుభ్రత ముఖ్యం. పొదుగు పూర్తిగా పితికేయండి. చనుకట్టు చివర స్పిరిట్ దూదితో దూదికి మురికి అంటనంత వరకూ రుద్దండి. నాలుగూ వేయాలంటే అవతలి వైపువి ముందు శుభ్రం చేయండి, మందు ఎక్కించేటప్పుడు ఇవతలి వైపువి ముందు. అలా చేస్తే మీ చెయ్యి శుభ్రం చేసిన చనుకట్టుకు రాసుకోదు. ముక్కు మొత్తం లోపలికి తోయకండి, కొద్దిగా లోపలికి పోతే చాలు.

పొదుగు ఆ భాగంలో నొక్కితే రాయిలా గట్టిగా ఉందా? పితికాక కూడా మెత్తబడడం లేదా? అయితే నిజం చెప్పాలి, అది ఇక మామూలు కాదు. డాక్టర్‌తో మాట్లాడి ఆ ఒక్క భాగాన్ని పాలు ఎండిపోయేలా చేసి మూడు చనుకట్లతో నడిపించడం ఒక దారి. మూడు చనుకట్లతో మంచి పాలిచ్చే ఆవులు నేను చాలానే చూశాను. మెత్తగానే ఉండి, ఆవుకు రెండో మూడో ఈత అయితే వట్టిపోయేటప్పుడు చేసే వైద్యానికి బాగయ్యే అవకాశం పాలిస్తున్నప్పటి కంటే ఎక్కువ.

ఆ వైద్యం ఇలా. ఈనడానికి అరవై రోజుల ముందు పాలు ఆపాలి. వారం ముందు నుంచే దాణా తగ్గించండి. చివరిసారి పూర్తిగా పితికి, వట్టిపోయే ఆవుల కోసం ప్రత్యేకంగా వచ్చే ట్యూబు ఒక్కో చనుకట్టుకు ఒక్కొక్కటి ఎక్కించి, అయోడిన్‌లో ముంచి వదిలేయండి. తర్వాత పాలున్నాయేమో చూద్దామని పిండొద్దు, చనుకట్టులో పడుతున్న మైనంలాంటి బిరడా ఊడిపోతుంది. రెండు వారాలు రోజూ కళ్లతో చూడండి. పాలు ఆపిన తర్వాతి రెండు వారాలు, ఈనడానికి ముందు రెండు వారాలు కొత్త జబ్బులు ఎక్కువగా పట్టే సమయం. చాలామంది వట్టి ఆవును మురికి మూలన కట్టేసి మర్చిపోతారు, ఫలితం ఈనాక తెలుస్తుంది.

అన్ని ఆవులకూ యాంటీబయాటిక్ ట్యూబు అక్కర్లేదు. యూరప్‌లో 2022 నుంచి జబ్బు లేని ఆవులకు అలవాటుగా యాంటీబయాటిక్ వేయడానికి వీల్లేదు. మీవి ఆరే కాబట్టి పరీక్షలో ఎప్పుడూ పట్టుబడని ఆవుకు చనుకట్టును మూసే సీలెంట్ ఒక్కటి చాలు, పట్టుబడినవాటికి ట్యూబు.

ఒక ప్రమాదం విడిగా చెప్పాలి

ఈనిన మొదటి రోజుల్లో ఆవు పడిపోయి, చెవులు చల్లబడి, లేవలేకపోతే అందరూ కాల్షియం తగ్గిందనుకుని సీసా ఎక్కించేస్తారు. చాలాసార్లు అది నిజమే. కానీ ఈ-కోలై పొదుగువాపు కూడా అచ్చం ఇలాగే కనబడుతుంది. ఆ విషంతో కొట్టుకుంటున్న గుండెకు కాల్షియం వేగంగా నరానికి ఎక్కిస్తే అక్కడే ఆగిపోవచ్చు. కాబట్టి పడిపోయిన ఆవును చూడగానే నాలుగు చనుకట్లూ పిండి చూడండి. ఒకదాంట్లోంచి పాల బదులు తేటగా, గోధుమరంగు నీళ్లలా వస్తే డాక్టర్‌కు ఫోన్‌లోనే ఆ మాట చెప్పండి. 1962కి ఫోన్ చేస్తే సంచార పశు అంబులెన్స్ వస్తుంది. ఇక్కడ గంటలు కూడా లెక్కే.

పసరు మందుల గురించి మీరు అడగలేదు గానీ ఇది చదివినవాళ్లలో ఎవరో ఒకరు అడుగుతారు. 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 10 నుంచి 15 గ్రాముల సున్నం కలిపి రుబ్బి, నీళ్లతో పలచన చేసి రోజుకు ఎనిమిది పదిసార్లు పొదుగుకు పూయడం జాతీయ పాడి అభివృద్ధి సంస్థ కూడా ప్రచారం చేసిన పద్ధతే. వాపు మొదటి దశలో పనిచేయడం నేనూ చూశాను. ప్రతిసారీ పాత పూత కడిగి కొత్తది వేయాలి, ఆ ఓపిక ఉన్నవాళ్లకే ఫలితం. ఆవుకు జ్వరం ఉంటే, మేత మానేస్తే దీని మీద ఆధారపడొద్దు.

ట్యూబు వేసిన ఆవు పాలు ఎన్ని రోజులు పోయకూడదో డబ్బా మీద రాసి ఉంటుంది. వేసిన చనుకట్టు పాలే కాదు, నాలుగింటి పాలూ ఆపాలి, మందు రక్తం ద్వారా మిగతా వాటికీ చేరుతుంది. ఒక ఆవు పాలు క్యాన్‌లో కలిస్తే క్యాన్ మొత్తానికి మందు అంటుతుంది, ఆ పాలు సరిగా తోడుకోవు. పలుకులు కట్టిన పాలు దూడకు తాగించొద్దు, ఇంట్లో కాచి వాడొద్దు. స్టాఫ్ జీవి కాస్తే చస్తుంది గానీ అది వదిలిన విషం కాచినా పోదు.

పాలు పులిసిపోవడం వేరే సమస్య, దాన్ని దీంతో కలపొద్దు. అది క్యాన్ శుభ్రత, చల్లదనం సంగతి. కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసాల్లో పాలు తెచ్చే అలవాటు ఉంటే మానండి, వాటి లోపలికి చెయ్యి పోదు, కడిగినట్టు అనిపించడమే. స్టీలు క్యాన్ వేడినీళ్లు, చాకలి సోడాతో కడిగి ఎండలో బోర్లించండి, పితికిన వెంటనే కేంద్రానికి చేర్చండి.

ఇన్ని చేసినా ఆ ఆవు నాలుగోసారి వాచి, రిపోర్టులో స్టాఫ్ ఆరియస్ అని వచ్చి, పొదుగు గట్టిపడితే దాన్ని ఉంచుకోవడం మిగతా ఐదింటికీ ప్రమాదం. అమ్మేవాళ్లు పాడి కోసం అమ్మితే ఆ జబ్బు ఇంకో కొట్టానికి వెళ్తుంది, కనీసం కొనేవాళ్లకు చెప్పి అమ్మండి. దాని బదులు మీరు ఇంకోటి కొనేటప్పుడు సంతలో ఆవు పళ్లూ పొదుగు సైజూ చూసి బేరం ముగించకండి. సర్ఫ్ నీళ్ల సీసా, నాలుగు గిన్నెలు వెంట తీసుకెళ్లి, డబ్బులు ఇచ్చే ముందు నాలుగు చనుకట్లూ పరీక్షించండి. ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనొద్దు.